అన్నానికి ముందు ఒక పచ్చి ముక్క

పెళ్ళిళ్ళ రోజుల్లో తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో ఏ కల్యాణ మండపంలో అడుగుపెట్టినా బఫే బల్లల మొదట్లో ఒక అందమైన అమరిక కనిపిస్తుంది. పుచ్చకాయ మీద చెక్కిన హంస, క్యారెట్‌తో చేసిన పూలు, చక్రాలుగా తరిగి వలయంలా పేర్చిన కీరదోస, బీట్‌రూట్, టమాటా, ముల్లంగి, మధ్యలో నిమ్మచెక్కలు. దాని పక్కన నిలబడి ఫొటో దిగేవాళ్ళు చాలామంది. పళ్ళెంలో నాలుగు ముక్కలు వేసుకునేవాళ్ళు తక్కువ. వరస చకచకా ముందుకు సాగి పులిహోర దగ్గర, గుత్తివంకాయ దగ్గర, బిర్యానీ దగ్గర ఆగుతుంది. భోజనాలు ముగిసేసరికి ఆ ముక్కలు అంచులు వాడి, రంగు మారి అలాగే ఉండిపోతాయి. వాటిని పండించిన రైతు, తెల్లవారకముందే బజారుకు చేర్చిన ఆటో మనిషి, ఓపికగా తరిగిన వంటమనిషి - ముగ్గురి కష్టమూ అలంకారంతోనే సరిపోతోంది. ఆ ముక్కలకు మన భోజనంలో ఒక నిజమైన చోటు దక్కాలన్నదే ఈ నాలుగు మాటల ఉద్దేశం.

పచ్చి కూరగాయకు అలాంటి చోటు ఇచ్చినవాళ్ళు ఫ్రెంచివారు. వాళ్ళ భోజనం వరసగా వస్తుంది. ముందొక చిన్న పళ్ళెం, తరవాత అసలు వంటకం, ఆపైన ఛీజ్, చివర పండో తీపో. ఆ మొదటి పళ్ళెంలో తరచుగా ఉండేవి పచ్చి కూరగాయలే. వాటిని క్రుదితే అంటారు. సన్నగా తురిమిన క్యారెట్‌లో నిమ్మరసం, కాస్త నూనె, ఉప్పు కలిపితే ఒక రకం. సెలెరీ దుంపను పోగుల్లా కోరి, ఆవపిండి ఘాటున్న మయొనీజ్‌తో కలిపితే మరొకటి. పలచటి కీరదోస చక్రాల్లో మీగడ కలుపుతారు. టమాటా ముక్కల మీద వెనిగరు, నూనె చిలికి పోస్తారు. ఆ చిలికిన పులుపుకు ఇంటింటా తెలిసిన కొలత ఉంది: పులుపు ఒక వంతయితే నూనె మూడు వంతులు. వసంతంలో వచ్చే చిన్న ఎర్ర ముల్లంగుల్ని పచ్చిగానే కొరికి, వెన్నతో, ఉప్పుతో నంజుకుంటారు. దక్షిణాన ప్రోవాన్స్ ప్రాంతంలో ఉప్పులో ఊరిన ఆంచోవీ చేపల్ని వెల్లుల్లితో, ఆలివ్ నూనెతో నూరి, ఆ ముద్దలో పచ్చి కూరముక్కలు అద్దుకుని తింటారు.

ఇదంతా ఖరీదైన హోటళ్ళ వైభవం అనుకోనక్కరలేదు. తురిమిన క్యారెట్ అక్కడి బడి క్యాంటీన్లలో, కార్మికుల క్యాంటీన్లలో, మామూలు ఇళ్ళలో రోజూ కనబడే తిండి. ఫ్రెంచివారి విందు భోజన పద్ధతిని 2010లో యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. అక్కడ ప్రధానంగా లెక్కలోకి వచ్చింది వంటకాల గొప్పతనం కంటే, నలుగురూ కలిసి కూర్చుని ఒక క్రమంలో తినే తీరు. మరుసటి ఏడు, 2011 సెప్టెంబరు 30న, అక్కడి ప్రభుత్వం బడి భోజనాల పోషక విలువలపై ఒక ఉత్తర్వు తెచ్చింది. వరసగా వడ్డించే 20 భోజనాల్లో కనీసం పదింట పచ్చి కూరగాయలో పండ్లో మొదటి పళ్ళెంగానో, పక్క వంటకంగానో ఉండాలని అందులో నిర్దేశించింది. పిల్లవాడికి పచ్చి క్యారెట్ రుచి అలవాటు చేయడం ఇంటివాళ్ళ పనే కాదు, సమాజం పని కూడానని ఆ దేశం తీర్మానించుకుంది. మనం ఆలోచించాల్సింది ఇక్కడే.

మనకు పచ్చిది కొత్తేమీ కాదు. ఉగాది నాడు ఏడాదిలో నోట పెట్టే మొదటి పచ్చడి పొయ్యి ఎక్కదు. వేపపువ్వు, మామిడి ముక్కలు, కొత్త చింతపండు, బెల్లం పచ్చిగానే కలుస్తాయి. శ్రీరామనవమికి నానిన పెసరపప్పులో పచ్చి మామిడి తురుము, కొబ్బరి, దోసకాయ ముక్కలు కలిపి వడపప్పు చేస్తాం, పక్కన పానకం. కార్తీకంలో నాగులచవితికి పుట్ట దగ్గరికి తీసుకెళ్ళే పచ్చి పాలు, చలిమిడి, చిమ్మిలి, వడపప్పులో ఏదీ నిప్పు తగిలింది కాదు. పొలం గట్టున చద్దన్నంలోకి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తిన్న తరాలు మనవి. కృష్ణా, గుంటూరు ఇళ్ళలో దోసకాయ పచ్చడి చేసేటప్పుడు పచ్చిమిర్చీ చింతపండూ నూరి, దోసకాయను మాత్రం పచ్చిగా, కరకరలాడే ముక్కలుగా కలుపుతారు. దోసావకాయ అదే కుదురుకు చెందింది. తెలంగాణలో పొయ్యి మీద మరగని పచ్చిపులుసు ఉంది. పాదు దగ్గర లేత బెండకాయ తుంచి అక్కడే తినేసిన చిన్నతనం పల్లెలో పుట్టినవాళ్ళలో చాలామందికి ఉంటుంది. సూర్యలంక ఇసుకలో ఉప్పూ కారం చల్లిన మామిడి ముక్కలకు ఎప్పుడూ గిరాకీయే.

అంత ఉన్నా, రోజువారీ విస్తట్లో మాత్రం పచ్చిదానికి చోటు కుదరలేదు. మన వడ్డన వరస పప్పుతో, నేతితో మొదలై కూర, పచ్చడి, పులుసు, చారు మీదుగా పెరుగుకు చేరుతుంది. అందులో పచ్చి ముక్క నంజుడు మాత్రమే. పండగనాడు ప్రసాదం, పొలంలో నంజుడు, పిల్లలకు చిరుతిండి - ఈ మూడు చోట్లా అది హాయిగా ఉంది. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నప్పుడే దూరమైంది. నాలుగో చోటు ఒకటి తరవాత వచ్చింది: మందు. మన ప్రాంతంలో పచ్చి కూరగాయ మాట ఎత్తితే ముందుగా గుర్తొచ్చేది ఇప్పుడు ఆ నాలుగోదే. దాని వెనక చెప్పుకోదగ్గ కథ ఒకటి ఉంది.

1929 వేసవిలో ఖద్దరు నిధి కోసం గాంధీజీ ఆంధ్ర జిల్లాల్లో పర్యటించారు. విశాఖపట్నంలో సర్వే శాఖ ఉద్యోగి ఒకరు తాను దాదాపు పచ్చి తిండి మీదే బతుకుతున్నానని ఆయనకు చెప్పారు. తరవాత రాజమండ్రిలో సుందరం గోపాలరావు కలిశారు. ఆయన అక్కడ ప్రకృతి చికిత్సాలయం నడిపేవారు. తొట్టిస్నానాల వంటివి మంచివే అయినా రోగం పూర్తిగా పోవాలంటే వంటలో నిప్పునే వదిలిపెట్టాలని, జీవమున్న ఆహారం తినాలని ఆయన నమ్మకం. ఆ నమ్మకంలోని నిజాయితీ గాంధీజీని కదిలించింది. 1893లో దక్షిణాఫ్రికాలో ఉన్నప్పుడు సగంలో వదిలేసిన ప్రయోగాన్ని ఆయన మే 9న మళ్ళీ మొదలుపెట్టారు. మొలకెత్తిన గోధుమలు, నూరిన బాదంపప్పు, నూరిన ఆకుకూర, నిమ్మకాయలు, తేనె - ఇదే ఆహారం. జూన్ 13 నాటి యంగ్ ఇండియాలో గోపాలరావు పేరు చెప్పి, తన ప్రయోగం సంగతి దేశానికి వివరించారు. ఆశ్రమంలో మరికొందరు ఆయనతో కలిశారు. అయితే ఆగస్టుకల్లా విరేచనాల జబ్బు చేసి ఆ ఆహారం మానుకోవాల్సి వచ్చింది. మేకపాలకు తిరిగి వెళ్ళారు. ఆ సంగతి కూడా దాచకుండా పత్రికలోనే రాశారు.

చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు. దాని ముగింపు మరో పదమూడేళ్ళకు గానీ రాలేదు. 1942లో పుణె ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉన్నప్పుడు గాంధీజీ ఆరోగ్యం మీద ఒక చిన్న పుస్తకం రాశారు. కూర్చుని పనిచేసే మనిషికి రోజూ ఏది ఎంత కావాలో అందులో లెక్క ఇచ్చారు. ఆకుకూరలు మూడు ఔన్సులు, ఇతర కూరగాయలు అయిదు ఔన్సులు, పచ్చి కూరగాయలు ఒక ఔన్సు. ఔన్సంటే 28 గ్రాములు. మొత్తం భోజనాన్నే పచ్చిగా మార్చేయాలని బయలుదేరిన మనిషి, తన ఒంటి మీద పరీక్షించుకుని, దెబ్బతిని, వెనక్కి తగ్గి, చివరకు ఒక ఔన్సు దగ్గర నిలిచారు. ఆ ఒక్క ఔన్సును మాత్రం వదులుకోలేదు. సుందరం గోపాలరావు చెప్పినదాంట్లో నిలవాల్సింది నిలిచింది. ఒక ఔన్సంటే నాలుగు కీరదోస చక్రాలు, లేదా రెండు చెంచాల క్యారెట్ తురుము. ఫ్రెంచి ఇంట భోజనం మొదట్లో పెట్టే చిన్న పళ్ళెం కూడా ఇంచుమించు ఈ దారిలోదే. ఒకరు ఆరోగ్యం వైపు నుంచి, మరొకరు రుచి వైపు నుంచి నడిచి దగ్గర దగ్గరగా చేరుకున్నారు.

మన కాలంలో మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే లేని వంట, మొలకలు, పచ్చి కూరగాయల రసాల గురించి టీవీలో చెప్పి తెలుగిళ్ళలో పెద్ద కదలిక తెచ్చారు. కృష్ణ ఒడ్డున ఉండవల్లి దగ్గరి ఆయన ఆరోగ్యాలయానికి మన మూడు ఊళ్ళ నుంచీ వెళ్ళి వచ్చినవాళ్ళు ఉన్నారు. ఆయన మాట విని క్యారెట్ నమలడం మొదలుపెట్టినవాళ్ళ సంఖ్య చిన్నదేమీ కాదు. దీక్షగా తినడం వల్ల కొందరికి మేలు జరుగుతుంది. అయితే దీక్షకు ఒక గడువుంటుంది. ఇంటికొచ్చిన నెలకో రెండు నెలలకో పాత పద్ధతి తిరిగి మొదలవుతుంది. పచ్చి కూరగాయ అంటే రోగం వచ్చినవాళ్ళు తినేదన్న భావన ఇంట్లో పిల్లల మనసులో స్థిరపడిపోతుంది. మందుగా తినేదాన్ని జబ్బు తగ్గగానే మానేస్తాం, ఇష్టంగా తినేదాన్ని జీవితాంతం తింటాం. పచ్చి కూరముక్కను మందు వరస నుంచి రుచి వరసకు మార్చాలి. ఫ్రెంచి పద్ధతి నుంచి మనం తీసుకోవాల్సింది ఇదే.

దానికి కావలసినవన్నీ మన చుట్టూ ఉన్నాయి. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణ నీళ్ళు పడమటి డెల్టాకు పారాయి. మూడు కాలువలు తన గుండా సాగే తెనాలి ఆ నీళ్ళతోనే ఎదిగి, ఆంధ్రా ప్యారిస్ అని పేరు తెచ్చుకుంది. తెనాలి నిమ్మకాయల మార్కెట్టు రాష్ట్రంలో పేరున్నది. కొల్లిపర, కొల్లూరు, భట్టిప్రోలు వైపు లంకల్లో వరద తెచ్చిన ఒండ్రు మీద కూరగాయలు, అరటి, పసుపు, కంద పండుతాయి. అక్కడి కాయ పొద్దున కోస్తే పొద్దెక్కకముందే రేపల్లె బజారులో ఉంటుంది. బాపట్ల వైపు నేల వేరు. సముద్రం ఒడ్డున ఇసుక. ఆ ఇసుకలో కింద ఉప్పునీరు, దాని మీద వాన తెచ్చిన మంచినీటి పొర. లోతుగా తోడితే ఉప్పు పైకొస్తుంది. అందుకే అక్కడి రైతులు లోతులేని దొరువులు తవ్వి, పైపైన నీళ్ళు ముంచి, కడవలతో మడులు తడుపుకునేవాళ్ళు. ఆ దొరువు జ్ఞానాన్ని బాపట్ల పరిశోధకులు ఇంకా మెరుగుపరిచి, ఉప్పునీరు కదలకుండా తీపినీటిని మాత్రమే తీసే పద్ధతి రూపొందించారు. 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల ఆ ఊళ్ళోనే ఉంది. ఆహార సాంకేతిక కళాశాల కూడా అక్కడే ఉంది. ఒండ్రు, ఇసుక, నిమ్మ, చదువు, తెనాలి నుంచి అటు రేపల్లెకూ ఇటు బాపట్లకూ రైలు - ఒక చిన్న పచ్చి పళ్ళెం వెనక ఇంత బలగం ఎన్ని ఊళ్ళకు ఉంటుంది?

ఇక శాస్త్రం ఏమంటుందో చూద్దాం. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన పరిశోధనా కేంద్రం 1958లో హైదరాబాదుకు వచ్చి, జాతీయ పోషకాహార సంస్థగా మనందరికీ తెలిసింది. 2024లో ఆ సంస్థ వెలువరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్ళు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలి. మన ఇళ్ళలో అన్నం కుప్పగా, కూర చెంచాడుగా ఉంటే ఆ లెక్క అందడం కష్టం. భోజనానికి ముందు కొన్ని ముక్కలు తింటే ఆ దూరంలో కొంతైనా తగ్గుతుంది. సి విటమిన్ వేడికి తగ్గిపోతుంది, ఉడికించిన నీళ్ళలోకి దిగిపోతుంది, ఆ నీళ్ళు వంపేస్తే పూర్తిగా పోతుంది. పచ్చిగా తింటే అది ఒంటికి చేరుతుంది. అయితే వండటం వల్ల నష్టమే అనుకోవడం కూడా సరికాదు. టమాటాలోని లైకోపీన్, క్యారెట్‌లోని కెరోటిన్ నూనెతో వండినప్పుడు ఇంకా బాగా ఒంటబడతాయి. క్యారెట్ తురుములో ఫ్రెంచివారు కాస్త నూనె కలపడం ఈ లెక్కకూ సరిపోతుంది. వండిందీ కావాలి, వండనిదీ కావాలి. గాంధీజీ ఎనిమిది ఔన్సుల పక్కన ఒక ఔన్సు పెట్టింది అందుకే.

వరసకు ఇంకో ప్రయోజనం ఉంది. 2015లో అమెరికాలోని కార్నెల్ వైద్య కళాశాల పరిశోధకులు టైప్ 2 మధుమేహం ఉన్న కొద్దిమందికి ఒకే భోజనాన్ని రెండు రకాల వరసల్లో పెట్టి చూశారు. కూరగాయలూ మాంసకృత్తులూ ముందు తిని రొట్టె తరవాత తిన్న రోజు, భోజనం తరవాత నెత్తురులో చక్కెర తక్కువగా పెరిగింది. జపాన్‌లో జరిగిన పరిశోధనల్లోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10.1 కోట్ల మంది అని అంచనా వేసింది. మూడు పూటలా తెల్ల అన్నం తినే డెల్టాలో ఈ సంగతికి విలువ ఎక్కువ. అన్నం మానమని చెబితే మన ఇళ్ళలో ఎవరూ వినరు, వినాల్సిన అవసరమూ లేదు. అన్నానికి ముందు నాలుగు ముక్కలు నమలమంటే వింటారు. ఆకలి మీద ఉన్నప్పుడు మొదట చేతికందింది రుచిగా ఉంటుంది. పిల్లలకు కూరగాయ అలవాటు కావాలంటే ఆ ఆకలి ఘడియకు మించిన సమయం లేదు.

ఇంతవరకూ చెప్పింది వినడానికి తేలికగానే ఉంటుంది. అసలు కష్టం ఇక్కడే ఉంది. మన పెద్దలు పచ్చిదాన్ని రోజువారీ పళ్ళెంలోకి రానివ్వకపోవడానికి బలమైన కారణమే ఉంది. ఒకే కాలువలో స్నానాలు, బట్టలు, గొడ్లు, తాగునీరు. కలరా ఊళ్ళకు ఊళ్ళు ఊడ్చిన రోజులు. కలుషితమైన మట్టిలో పెరిగిన ఆకుల వెంట పురుగుల గుడ్లు కడుపులోకి వచ్చే ప్రమాదం. నిప్పే అప్పుడు రక్షణ. ఉడికించి తినడం అమ్మమ్మల తెలివి, దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. ఇప్పుడు ఆ భయానికి మరొకటి తోడైంది. పురుగుమందు. పైన పడిన మందును కడిగితే కొంతవరకు పోగొట్టవచ్చు. మొక్క లోపలికి ఇంకిపోయే రకం మందులు కడిగితే పోవు. మందు కొట్టాక కాయ కోయడానికి ఇన్ని రోజులు ఆగాలని ప్రతి మందుకూ నియమం ఉంది. బెండ లాంటివి రోజు విడిచి రోజు కోతకు వస్తాయి. ధర బాగున్న రోజున ఆ నియమం నిలబెట్టుకోవడం చిన్న రైతుకు ఎంత కష్టమో మనం అర్థం చేసుకోవాలి. ఆ నష్టాన్ని అతని ఒక్కడి మీదే పెట్టి నీతులు చెప్పడం న్యాయం కాదు.

నూనె, కారం, మసాలా ఎంతో కమ్మనివి. అయితే వాటి కింద కూరగాయ వయసు తెలియదు. రెండు రోజులు వాడిన దోసకాయ కూడా పులుసులో బాగానే ఉంటుంది. పచ్చిగా తినబోతే అలా కుదరదు. కొరికిన మొదటి క్షణంలోనే అది ఎప్పుడు కోసిందో, ఏ నీటిలో పెరిగిందో నాలుక చెప్పడం మొదలుపెడుతుంది. అందువల్ల పచ్చిగా తినే ఇల్లు బజారులో ఎక్కువ ప్రశ్నలు వేస్తుంది. ఏ ఊరి కాయ, ఎప్పుడు కోశారు, మందు ఎప్పుడు కొట్టారు అని అడుగుతుంది. ఆ ప్రశ్నలు పెరిగితే తాజాదనానికీ శుభ్రతకూ ధర పలుకుతుంది. ఆ ధర నియమం పాటించిన రైతుకు చేరాలి. రాష్ట్రంలో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఇప్పుడు లక్షల రైతు కుటుంబాలకు చేరింది. 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ పురస్కారాన్ని మరో ఇద్దరితో కలిసి అందుకుంది. ఆ పంటకు ఊళ్ళోనే నమ్మకమైన కొనుగోలుదారులు కావాలి. పచ్చిగా తినే అలవాటే వాళ్ళను తయారుచేస్తుంది. పక్క ఊరి కీరదోసను భయం లేకుండా కొరకగలిగే స్థితి ఉందంటే ఆ ఊరి నేలా, నీరూ, మనుషుల మధ్య నమ్మకమూ బాగున్నట్టే.

ఈ నమ్మకం పెరగడానికి పెద్ద పెద్ద పథకాల కోసం ఎదురుచూడక్కరలేదు. ఇంట్లో పెద్దవాళ్ళూ పిల్లలూ అన్నం కోసం కూర్చునే పది నిమిషాల ముందు ఒక పళ్ళెం మధ్యలో పెడితే మొదలైనట్టే. బాగా కడిగి, చెక్కు తీయాల్సినదానికి చెక్కు తీసి, అప్పటికప్పుడు తరగాలి. కోసి గంటల తరబడి ఉంచితే రుచీ పోతుంది, మేలూ తగ్గుతుంది. ఫ్రెంచి నమూనా యథాతథంగా దిగుమతి చేసుకోవాల్సిన పనిలేదు. క్యారెట్ తురుములో తెనాలి నిమ్మరసం, చెంచా నువ్వులనూనె, ఉప్పు, కాస్త కొత్తిమీర వేసి చూడండి. లేత ముల్లంగి చక్రాలకు ఇంట చిలికిన వెన్న, చిటికెడు ఉప్పు సరిపోతాయి. చేదు చూసి ఏరిన దోసకాయ ముక్కలకు చిక్కటి పెరుగు, మిరియాల పొడి. నానిన పెసరపప్పులో మామిడి కోరు శ్రీరామనవమికే ఎందుకు పరిమితం కావాలి? లేత బెండకాయలూ, పచ్చి ఉల్లికాడలూ, కొబ్బరి ముక్కలూ కందిపొడి అద్దుకుని తినవచ్చు. తరగడం ఇల్లాలి మీద పడే మరో చాకిరీ కాకూడదు. కత్తిపీట ముందు కూర్చునే పని ఇంట్లో మగవాళ్ళకూ, ఎదిగిన పిల్లలకూ అప్పగించదగ్గది. కడుపులో పుండ్లున్నవాళ్ళూ, పళ్ళు లేని పెద్దలూ, గర్భిణులూ డాక్టరు చెప్పినట్టు నడుచుకోవాలి.

విందుల్లో పద్ధతి మార్చడం ఇంకా తేలిక. చెక్కిన హంసకు బదులు, కూర్చోబెట్టి వడ్డించే పంక్తిలో విస్తరి పరిచిన వెంటనే నాలుగు రకాల పచ్చి ముక్కలు చిన్నచిన్నగా వడ్డిస్తే ఎవరూ వద్దనరు. పప్పూ నెయ్యీ వచ్చేలోగా అతిథి ఎదురుచూసే ఆ కాస్త సమయానికి అవి సరిగ్గా సరిపోతాయి. భోజన హోటళ్ళ యజమానులు ప్లేటు మీల్స్‌తోపాటు ఉల్లిపాయ, నిమ్మచెక్క ఇవ్వడం ఎప్పటినుంచో ఉంది. దాన్నే కాస్త పెంచి భోజనానికి ముందుకు జరిపితే చాలు.

అన్నింటికన్నా ముఖ్యం బడి. మన ప్రభుత్వ పాఠశాలల్లో మధ్యాహ్న భోజనానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఆకలితో వచ్చినవాళ్ళెవరినీ పేరూ కులమూ అడగకుండా అన్నం పెట్టిన ఇల్లాలు ఆమె. కేంద్ర నియమాల ప్రకారం ఆ భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 50 గ్రాములు, ఆపై తరగతులవాళ్ళకు 75 గ్రాముల కూరగాయలు ఉండాలి. ప్రస్తుతం అవి సాంబారులోనో కూరలోనో కలిసిపోతాయి. అందులో చిన్న భాగాన్ని వారానికి రెండు రోజులు పచ్చిగా, భోజనానికి ముందు, పిల్లల చేతికి ఇవ్వడం సాధ్యమే. దానికి తప్పనిసరిగా కావలసినవి శుభ్రమైన నీళ్ళు, చేతులు కడుక్కునే చోటు, వంట చేసే అక్కలకు తగిన వేతనమూ శిక్షణా. బాపట్లలోని రెండు కళాశాలలు చుట్టుపక్కల కొన్ని బడులను ఎంచుకుని, కాయ ఎక్కడి నుంచి రావాలి, ఎలా కడగాలి, ఎంతసేపట్లో పెట్టాలి అన్న పద్ధతి తయారుచేసి ఇస్తే, అది జిల్లా అంతటికీ పనికొస్తుంది. కాయ కొనేది ప్రకృతి వ్యవసాయం చేసే దగ్గరి రైతు నుంచయితే ఒకే ఖర్చుతో పిల్లల ఒంటికీ రైతు ఇంటికీ మేలు జరుగుతుంది. 2022లో కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లా తనకంటూ ఒక గుర్తింపు వెతుక్కుంటున్న సమయంలో, రేపల్లెతో సహా తన బడులన్నింటిలో ఇలాంటి పళ్ళెం మొదలుపెట్టిన జిల్లాగా నిలిస్తే అంతకన్నా మంచి గుర్తింపు ఏముంటుంది? పొరుగునే గుంటూరు జిల్లాలో ఉన్న తెనాలి తన నిమ్మకాయతో అందులో చెయ్యి కలపవచ్చు.

ఏ దేశపు తిండి పద్ధతినీ మనం మొత్తంగా తెచ్చుకోనక్కరలేదు. మన పప్పు, మన పులుసు, మన గోంగూర ఎక్కడికీ పోవు, పోకూడదు కూడా. ఆ రుచులన్నింటికీ ముందు ఒక ఔన్సంత చోటు ఖాళీ చేయమని మాత్రమే అడుగుతున్నాం. నెమ్మదిగా నమలాల్సిన ఆ నాలుగు ముక్కల వల్ల భోజనం కాస్త నిదానిస్తుంది, కాయ రుచి పిల్లలకు తెలుస్తుంది, దాన్ని పండించిన మనిషి గుర్తుకొస్తాడు. అయితే నీరు శుభ్రంగా ఉండాలనీ, మందు కొట్టిన చేను చెప్పిన గడువు ఆగాలనీ, అలా ఆగిన రైతు నష్టపోకూడదనీ మనం పట్టుబట్టినప్పుడే ఆ ముక్కలను పిల్లలకు ధైర్యంగా పెట్టగలం. ఆ పట్టుదల తెనాలి, బాపట్ల, రేపల్లె ఇళ్ళలో మొదలు కావాలని మనసారా కోరుకుంటున్నాం.